బ్లియోమైసిన్ ఎలుకల్లో ఆల్వియోలార్ మాక్రోఫేజ్‌లు ఫ్లోలో కనిపించడం లేదు: జబ్బు వల్లా, మా పద్ధతి వల్లా?

శ్వాసకోశం_21 (ప్రశ్న)

నమస్కారమండీ. బ్లాక్ 6 జాతి ఎలుకలకు ఊపిరితిత్తులను దెబ్బతీసే బ్లియోమైసిన్ మందు ఇచ్చి ఊపిరితిత్తుల ఫైబ్రోసిస్ (మచ్చకట్టి గట్టిపడే జబ్బు) మీద పని చేస్తున్నాం. 7, 14, 21 రోజుల్లో ఊపిరితిత్తులు తీసి, ఏ ఇమ్యూన్ కణాలు ఎన్ని ఉన్నాయో ఫ్లో సైటోమెట్రీలో (రంగు యాంటీబాడీలు అంటించిన కణాలను లేజర్ ముందు ఒక్కొక్కటిగా నడిపి లెక్కించే పద్ధతి) చూడాలి. రెండు బ్యాచ్‌లు పూర్తయ్యాయి. రెండింట్లోనూ ఆల్వియోలార్ మాక్రోఫేజ్‌లు (గాలి సంచుల్లో ఉండి చెత్తను మింగే ఇమ్యూన్ కణాలు) దాదాపు లేనట్టే వస్తున్నాయి.

మేం చేస్తున్నది ఇదీ. మందు కిలోకి 1.5 యూనిట్లు, 50 మైక్రోలీటర్లలో, గొంతు వెనక వేసి పీల్పిస్తున్నాం. కంట్రోల్‌కు సెలైన్. రోజు రాగానే ఎలుకను చంపి, కుడి జఠరిక లోంచి 10 మి.లీ. పీబీఎస్‌తో (ఫాస్ఫేట్ ఉన్న ఉప్పునీటి బఫర్) రక్తం కడిగేస్తాం. ఊపిరితిత్తులు కత్తెరతో ముక్కలు చేసి 5 మి.లీ. ద్రవంలో వేస్తాం: కాల్షియం, మెగ్నీషియం లేని పీబీఎస్, 5 శాతం ఎఫ్‌బీఎస్ (దూడ సీరమ్), కణజాలాన్ని విడదీసే ఎంజైమ్ కొల్లాజినేజ్-డి మి.లీ.కి 1 మి.గ్రా., డీఎన్ఏను కోసే డీఎన్ఏజ్-1 మి.లీ.కి 50 మైక్రోగ్రాములు. 37 డిగ్రీల్లో షేకర్ మీద 60 నిమిషాలు. తర్వాత 70 మైక్రాన్ల జల్లెడ మీద సిరంజి ప్లంజర్‌తో రుద్ది వడకడతాం. ఏసీకే (ఎర్రకణాలను పగలగొట్టే ద్రవం) 5 నిమిషాలు. 40/80 పెర్కాల్ (కణాలను సాంద్రత బట్టి విడదీసే ద్రవం) పెట్టి మధ్య పొర తీసుకుంటాం. ఆ తర్వాత ఫ్యాక్స్ బఫర్‌లోనే (ఫ్లో కోసం వాడే బఫర్) వయబిలిటీ డై (చచ్చిన కణాలను గుర్తించే రంగు), ఎఫ్‌సీ బ్లాక్ (యాంటీబాడీ తప్పు చోట అంటకుండా ఆపేది), యాంటీబాడీలు. ఈ మాక్రోఫేజ్‌లను గుర్తించే మార్కర్లలో సిగ్లెక్-ఎఫ్ మాకు ఎఫ్ఐటీసీ రంగులో ఉంది, సీడీ11సి పీఈ-సై7 రంగులో. గేట్లు (ఏ కణాలను లెక్కలోకి తీసుకోవాలో ప్లాట్ మీద గీసే హద్దులు) మా స్ప్లీన్ టెంప్లేట్ నుంచి తెచ్చుకున్నవి.

బతికున్న కణాలు 50–55 శాతమే. వడకట్టేటప్పుడు జిగురు ముద్దలు వస్తున్నాయి. సీడీ45 పాజిటివ్ కణాల్లో (అంటే తెల్లకణాల్లో) సిగ్లెక్-ఎఫ్, సీడీ11సి రెండూ ఉన్నవి 14వ రోజు బ్లియోమైసిన్ ఎలుకల్లో 1 శాతం లోపు. సెలైన్ ఎలుకల్లో కూడా 2 శాతం దగ్గరే. ఈ జబ్బులో ఈ కణాలు తగ్గుతాయని చదివాం. మేం చూస్తున్నది అదేనా?

సన్నజల్లెడ

మీ ప్రశ్నకు జవాబు మీ సెలైన్ ఎలుకే చెబుతోంది. జబ్బు చేయని ఎలుకలోనే మాక్రోఫేజ్‌లు అంత తక్కువగా ఉంటే, ముందు వెతకాల్సింది జబ్బులో కాదు, బెంచి మీద. సెలైన్ ఎలుక సరిగ్గా వచ్చేదాకా బ్లియోమైసిన్ ఎలుకను చంపకండి. మందు ఇచ్చి మూడు వారాలు సాకిన ఎలుకను సరిచూడని పద్ధతికి బలిపెట్టడం న్యాయం కాదు.

మొదటి తప్పు మీ జీర్ణద్రవంలోనే ఉంది. కొల్లాజినేజ్ పని చేయాలంటే కాల్షియం కావాలి. డీఎన్ఏజ్‌కు మెగ్నీషియం, కాల్షియం రెండూ కావాలి. మీ పీబీఎస్‌లో రెండూ లేవు. ముక్కల్లోంచి, సీరమ్ లోంచి వచ్చే కొద్దిపాటి కాల్షియంతో కొల్లాజినేజ్ ఏదో ఈడ్చుకొస్తోంది. పైగా ఎఫ్‌బీఎస్‌లో ప్రోటియేజ్‌లను పట్టి ఆపేసే ఆల్ఫా-2 మాక్రోగ్లోబ్యులిన్ లాంటివి ఉంటాయి. ఒక చేత్తో ఎంజైమ్ పోసి ఇంకో చేత్తో దాన్ని ఆపుతున్నారన్నమాట. అందుకే 60 నిమిషాలు పెట్టాల్సి వచ్చింది, ఆ 60 నిమిషాల్లో కణాలు చచ్చాయి. చచ్చిన కణాల డీఎన్ఏ బయటికొచ్చింది, దాన్ని కోసే డీఎన్ఏజ్ నీరసంగా ఉంది. మీరు చూస్తున్న జిగురు అదే. ఆ జిగురుకు అంటుకునేవాటిలో మాక్రోఫేజ్‌లు ముందుంటాయి, జల్లెడ మీద ముద్దతో పాటు అవీ పోతాయి.

మార్చాల్సింది ఇలా. కాల్షియం, మెగ్నీషియం ఉన్న హెచ్‌బీఎస్ఎస్ (లవణాల ద్రావణం) తీసుకోండి, 10 మిల్లీమోలార్ హెపెస్ బఫర్ కలపండి. సీరమ్ వద్దు, కాల్షియం, మెగ్నీషియంలను పట్టేసే ఈడీటీఏ అసలే వద్దు. మీ పీబీఎస్‌లోనే కాల్షియం క్లోరైడ్ పోసి సర్దుకుందామనుకోకండి, ఫాస్ఫేట్‌తో కలిసి తెల్లగా మడ్డి కడుతుంది. కొల్లాజినేజ్-డి 1 నుంచి 2 మి.గ్రా., డీఎన్ఏజ్ 100 మైక్రోగ్రాములు, రెండూ మి.లీ.కి. డీఎన్ఏజ్ పొడి కరిగించేటప్పుడు వోర్టెక్స్ చేయకూడదు, ఆ కుదుపుకే దాని పని తగ్గిపోతుంది. ట్యూబును మెల్లగా తిప్పి కరిగించి, చిన్న చిన్న భాగాలుగా మైనస్ 20లో పెట్టండి. ఒకసారి కరిగింది మళ్లీ గడ్డకట్టించవద్దు.

ముక్కలు ఎంత సన్నగా ఉంటే అంత మంచిది. 2 మి.లీ. ట్యూబులో వంపు కత్తెరతో తరగండి, ముక్క 1 మి.మీ. లోపు ఉండాలి. చూస్తే గోధుమరవ్వ నానినట్టు ఉండాలి గానీ మాంసం ముక్కల్లా కనిపించకూడదు. సెలైన్ ఎలుకకు 37 డిగ్రీల్లో 30 నిమిషాలు చాలు. 15వ నిమిషంలో వెడల్పు మూతి పైపెట్‌తో పదిసార్లు పైకీ కిందికీ లాగండి.

14వ రోజు, 21వ రోజు బ్లియోమైసిన్ ఊపిరితిత్తి మాత్రం 30 నిమిషాల్లో విడదు, కొల్లాజెన్ పేరుకుని రబ్బరులా ఉంటుంది. అలాగని టైము పెంచితే ముందే విడిపోయిన కణాలు ఊరికే ఎంజైమ్‌లో ఉడుకుతాయి. 20 నిమిషాలకు ఆపి, విడిపోయిన కణాలను ద్రవంతో పాటు తీసి, 5 శాతం ఎఫ్‌బీఎస్, 2 మిల్లీమోలార్ ఈడీటీఏ ఉన్న చల్లని బఫర్‌లో పోసి ఐసులో పెట్టండి. సీరమ్, ఈడీటీఏ చేరాల్సిన చోటు ఇదే. మిగిలిన ముక్కలకు కొత్త ఎంజైమ్ పోసి ఇంకో 20 నిమిషాలు. రెండూ చివర్లో కలపండి. సెలైన్ ఎలుకకు కూడా అచ్చం ఇలాగే చేయాలి. లేకపోతే రెండు గుంపుల మధ్య కనిపించే తేడా ఎంజైమ్ తేడాయే కావచ్చు.

జల్లెడ మీద ప్లంజర్‌తో గట్టిగా రుద్దడం స్ప్లీన్‌కు నడుస్తుంది, ఊపిరితిత్తికి నడవదు. ద్రవం దానంతట అది దిగనివ్వండి, మిగిలిన ముక్కలను ఒకటి రెండుసార్లు మెత్తగా నొక్కి బఫర్‌తో కడగండి. ఏసీకే 5 నిమిషాలు ఎక్కువ. గది వేడిలో 1 మి.లీ., 90 సెకన్ల నుంచి 2 నిమిషాలు, వెంటనే 10 మి.లీ. బఫర్ పోసి ఆపేయండి. రక్తం బాగా కడిగిన ఊపిరితిత్తికి అది కూడా అక్కర్లేకపోవచ్చు, పెల్లెట్ రంగు చూసి నిర్ణయించుకోండి.

పెర్కాల్ తీసేయండి. 40/80 మధ్య పొర లింఫోసైట్ల కోసం పెట్టుకున్నది. ఆల్వియోలార్ మాక్రోఫేజ్‌లు సర్ఫాక్టెంట్ కొవ్వు మింగి ఉబ్బి ఉంటాయి, బ్లియోమైసిన్ తర్వాత మరీ నురుగునురుగుగా తయారవుతాయి. వాటి సాంద్రత తక్కువ. చాలా భాగం పైన చెత్తతో పాటు తేలి, మీరు వ్యాక్యూమ్‌తో లాగేసే పొరలోకి పోతాయి.

ఇంకో మాట కొల్లాజినేజ్ గురించి. బరువు చూసి కొలవకండి, లాట్ మీద రాసిన యూనిట్లు చూడండి. వుంష్ యూనిట్లు, మాండిల్ యూనిట్లు వేరువేరు, ఒకదాన్ని ఇంకోదానిగా లెక్క కట్టలేం. ఒక లాట్ బాగుందనిపిస్తే ప్రయోగం మొత్తానికి సరిపడా అదే కొనిపెట్టుకోవడం మేలు. లాట్ మారినప్పుడల్లా స్ప్లీన్ కణాలను రెండు భాగాలు చేసి, ఒకదాన్ని ఎంజైమ్‌లో 30 నిమిషాలు పెట్టి, రెండో దాన్ని ఉత్త బఫర్‌లో పెట్టి, మీ ప్యానెల్ అంతా వేసి పోల్చండి. ఏ మార్కర్ మెరుపు తగ్గిందో దాన్ని ఆ ఎంజైమ్ కోసేస్తోందని అర్థం. డిస్పేజ్ కలిపే పద్ధతులు ఎపిథీలియల్ కణాలకు బాగుంటాయి గానీ టీ-కణాల మీది చాలా మార్కర్లను అది కోసేస్తుంది.

ఎర్రలేజర్

పై జవాబులో తడి పని అంతా వచ్చేసింది. మిగిలిన సగం మెషిన్ దగ్గర ఉంది. నా అంచనాలో మీ మాక్రోఫేజ్‌లు చాలావరకు ట్యూబులో ఉన్నాయి, మీ గేటు బయట ఉన్నాయి.

స్ప్లీన్ టెంప్లేట్‌లో ఎఫ్ఎస్‌సీ (కణం పరిమాణం చూపే సిగ్నల్) వోల్టేజ్ లింఫోసైట్లకు సరిపడా పెట్టి ఉంటుంది. ఆల్వియోలార్ మాక్రోఫేజ్ దానికి రెట్టింపు మించిన కణం, లోపల అంతా గుళికలు. ఆ సెట్టింగుల్లో అది ప్లాట్ కుడి అంచుకో పై అంచుకో గోడకు అతుక్కుపోయి ఉంటుంది. పాత ఫైల్ తెరిచి చూడండి, కుడి పక్క గీతలా పేరుకున్న చుక్కలు కనిపిస్తే అవే. ఎఫ్ఎస్‌సీ, ఎస్‌ఎస్‌సీ (లోపలి గుళికలను చూపే సిగ్నల్) వోల్టేజ్‌లు తగ్గించి, గుంపు మొత్తం ప్లాట్ లోపలికి వచ్చేదాకా దించండి. మొదటి గేటు చాలా వదులుగా గీయండి: చెత్త మాత్రం పోవాలి, పెద్దవి ఏవీ పోకూడదు. సింగ్లెట్ గేటు (అతుక్కున్న జంటలను తీసేసేది) కూడా అంతే. ఎఫ్ఎస్‌సీ ఏరియా, హైట్ ప్లాట్‌లో సన్నటి పట్టీ గీస్తే ఈ పెద్ద కణాలను జంటలుగా లెక్కేసి పారేస్తారు. వాటి కోసం పట్టీ పై చివర వెడల్పు చేయాలి.

దీన్ని తేల్చుకోవడానికి సులువైన దారి: బ్రాంకోఆల్వియోలార్ లవాజ్ (గాలి సంచులను ద్రవంతో కడిగి కణాలు తీయడం). మందు ఇవ్వని ఒక ఎలుక శ్వాసనాళంలో 20 లేదా 22 గేజ్ క్యాన్యులా పెట్టి దారంతో కట్టి, 2 మిల్లీమోలార్ ఈడీటీఏ కలిపిన పీబీఎస్ 0.8 మి.లీ. చొప్పున మెల్లగా ఎక్కించి దించండి, అలా అయిదారు సార్లు. లాగేటప్పుడు రొమ్ము మీద మెత్తగా మర్దన చేస్తే ఎక్కువ వస్తాయి. ఎక్కించినదాంట్లో 80 శాతం దాకా తిరిగి రావాలి. ఆరోగ్యంగా ఉన్న ఎలుక లవాజ్‌లో 90 శాతానికి పైగా ఆల్వియోలార్ మాక్రోఫేజ్‌లే ఉంటాయి. ఆ ట్యూబును మీ ప్యానెల్‌తో నడిపితే అవి ప్లాట్‌లో ఎక్కడ కూర్చుంటాయో ఇక ఊహించే పని ఉండదు. గేట్లన్నీ ఆ ట్యూబు మీద గీసుకుని, తర్వాత ఊపిరితిత్తి ట్యూబుకు తెచ్చుకోండి. ప్లాస్టిక్‌కు అతుక్కునే కణాలు కాబట్టి పాలీస్టైరీన్ వద్దు, పాలీప్రొపిలీన్ ట్యూబుల్లో ఐసు మీదే ఉంచండి.

ఇక్కడ ఒకటి అడగాలి. మీరు సైటోకైన్ల కోసమో ప్రోటీన్ కోసమో అదే ఊపిరితిత్తిని ముందు లవాజ్ చేస్తున్నారా? చేస్తే ఆ మాక్రోఫేజ్‌లు లవాజ్ ట్యూబుతో వెళ్లిపోయినట్టే. మిగిలిన ఊపిరితిత్తిలో తక్కువ రావడం సహజం.

రంగుల విషయం. సిగ్లెక్-ఎఫ్‌ను ఎఫ్ఐటీసీలో పెట్టడం ఈ కణానికి అస్సలు పనికిరాదు. ఆల్వియోలార్ మాక్రోఫేజ్‌లు యాంటీబాడీ లేకుండానే వెలుగుతాయి, 405, 488 లేజర్ల కింద 500 నుంచి 550 నానోమీటర్ల దగ్గర మరీ ఎక్కువ. ఎఫ్ఐటీసీ, బీవీ510 ఆ చోట్లే పడతాయి. ఏది సిగ్లెక్-ఎఫ్, ఏది సొంత వెలుగు అన్నది విడదీయలేరు. సిగ్లెక్-ఎఫ్‌ను ఏపీసీకో, అలెక్సా 647కో, ప్యానెల్‌లో కుదిరితే పీఈకో మార్చండి. ఎఫ్ఐటీసీ చోటును ఖాళీగా వదిలేయండి, అదే మీకు అదనపు మార్కర్ అవుతుంది: ఎఫ్ఐటీసీ ఖాళీ ఛానెల్, సీడీ11సి ప్లాట్‌లో ఆల్వియోలార్ మాక్రోఫేజ్‌లు ఒక ద్వీపంలా విడిగా నిలబడతాయి.

కంట్రోల్స్ లేకుండా పై మాటలేవీ నిలవవు. రంగు వేయని ట్యూబు స్ప్లీన్‌ది కాకూడదు, అదే రోజు అదే ఎంజైమ్‌లో పెట్టిన ఊపిరితిత్తిది కావాలి, సెలైన్‌ది ఒకటి, బ్లియోమైసిన్‌ది ఒకటి. రెండింటి సొంత వెలుగు ఒకేలా ఉండదు. సిగ్లెక్-ఎఫ్, సీడీ64, ఎంహెచ్‌సీ-2 మూడింటికీ ఎఫ్ఎంఓ (ఆ ఒక్క రంగు తప్ప మిగతావన్నీ వేసిన ట్యూబు) తప్పనిసరి. కాంపెన్సేషన్ (ఒక రంగు ఇంకో ఛానెల్‌లోకి పొంగడాన్ని సరిచేయడం) బీడ్స్ మీద చేయండి. మాక్రోఫేజ్‌లను పాజిటివ్‌గా, లింఫోసైట్లను నెగెటివ్‌గా తీసుకుంటే సొంత వెలుగు తేడాను మెషిన్ రంగు పొంగుగా లెక్కేసి తప్పుడు విలువ ఇస్తుంది. వయబిలిటీ డైకి మాత్రం కణాలే కావాలి: సగం కణాలను 65 డిగ్రీల్లో 5 నిమిషాలు ఉంచి చంపి, మిగతా సగంతో కలపండి.

ఆ వయబిలిటీ డైని ఫ్యాక్స్ బఫర్‌లో వేస్తున్నామన్నారు. ఫిక్స్ చేయగలిగే డైలు ప్రోటీన్ల అమైన్ గుంపులకు అంటుకుంటాయి. బఫర్‌లో ఎఫ్‌బీఎస్ ఉంటే డై ముందు దానికే అంటుకుని ఖర్చయిపోతుంది. కణాలను ఉత్త పీబీఎస్‌తో రెండుసార్లు కడిగి, ఉత్త పీబీఎస్‌లో డై వేసి, తర్వాత ఫ్యాక్స్ బఫర్‌తో ఆపాలి. ట్రిస్ ఉన్న బఫర్ కూడా వద్దు. అంటే మీ 50–55 శాతం అన్న లెక్క కూడా నమ్మదగ్గది కాదు, అసలు విలువ అంతకన్నా తక్కువే కావచ్చు.

పీఈ-సై7, ఏపీసీ-సై7 లాంటి జంట రంగులు మోనోసైట్లు, మాక్రోఫేజ్‌లకు యాంటీబాడీతో పని లేకుండా అతుక్కుంటాయి. ఎఫ్‌సీ బ్లాక్ ఒక్కటే దీన్ని ఆపదు, మోనోసైట్ బ్లాకర్ విడిగా కలపాలి. బ్రిలియంట్ వయొలెట్ రంగులు రెండో అంతకు మించో ఉంటే వాటి స్టెయిన్ బఫర్ కూడా.

గేట్ల వరుస ఇలా పెట్టుకోండి. వదులు గేటు, సింగ్లెట్లు, బతికున్నవి, సీడీ45. ముందు ఎల్‌వై6జి పాజిటివ్ న్యూట్రోఫిల్స్‌ను తీసి పక్కన పెట్టండి. మిగిలినదాంట్లో సిగ్లెక్-ఎఫ్ ఉండి సీడీ11సి లేనివి ఈసినోఫిల్స్, వీటిని మాక్రోఫేజ్ లెక్కలో కలిపేసే పొరపాటు చాలా మామూలు. రెండూ ఎక్కువగా ఉండి, సీడీ64 ఉండి, సీడీ11బి తక్కువగా ఉన్నవి ఊపిరితిత్తిలో పుట్టినప్పటి నుంచీ ఉన్న ఆల్వియోలార్ మాక్రోఫేజ్‌లు. సీడీ64 ఉండి సిగ్లెక్-ఎఫ్ మధ్యస్థంగానో తక్కువగానో ఉండి, సీడీ11బి, ఎంహెచ్‌సీ-2 పెరిగినవి మోనోసైట్ల నుంచి కొత్తగా వచ్చి చేరినవి. సీడీ64, సీడీ11బి ఉండి సిగ్లెక్-ఎఫ్ లేనివి ఇంటర్‌స్టిషియల్ మాక్రోఫేజ్‌లు. సీడీ11సి కనిపించగానే డెండ్రిటిక్ కణం అనేయకూడదు, ఊపిరితిత్తిలో ఆ మార్కర్ ఎక్కువగా ఉండేది మాక్రోఫేజ్ మీదే. డెండ్రిటిక్ అనాలంటే సీడీ64 లేకుండా ఎంహెచ్‌సీ-2, సీడీ24 ఉన్నాయా చూడండి.

శ్వాసకోశం_21

ఇద్దరికీ ధన్యవాదాలండీ. అవును, లవాజ్ ముందే చేస్తున్నాం, సైటోకైన్ల కోసం. రాయడం మర్చిపోయాను. పాత ఫైళ్లు తెరిచి చూస్తే కుడి అంచున గీత కూడా ఉంది.

మూడు సందేహాలు మిగిలాయి. ఒకటి, సైటోకైన్లు, ఫ్లో, హిస్టాలజీ మూడూ ఒకే ఎలుక నుంచి రావాలంటే ఎలా? రెండు, పద్ధతి అంతా సరిచేశాక కూడా 14వ రోజు మాక్రోఫేజ్‌లు తగ్గితే అప్పుడు అది నిజంగా జబ్బేనా? మూడు, రక్తం బాగా కడిగినా మోనోసైట్లు, న్యూట్రోఫిల్స్ చాలా కనిపిస్తున్నాయి. అవి కణజాలంలోవా, రక్తనాళాల్లోవా?

నాళం_లోపలా_బయటా

మూడోదాంతో మొదలుపెడతాను, ఎందుకంటే మిగతా లెక్కలన్నీ దాని మీదే నిలబడతాయి.

ఊపిరితిత్తి తెల్లబడేదాకా కడిగినా సూక్ష్మనాళాల గోడలకు ఆనుకున్న కణాలు కదలవు. 2012లో మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో డేవిడ్ మాసోపుస్ట్ బృందం దీన్ని గట్టిగా చూపించింది: ఊపిరితిత్తి కణజాలంలో ఉన్నాయనుకున్న సీడీ8 టీ-కణాల్లో అత్యధిక భాగం కడిగిన తర్వాత కూడా రక్తనాళాల్లోనే ఉన్నాయి. అప్పటి నుంచి చంపే ముందు నరంలోకి యాంటీబాడీ ఎక్కించడం ఈ రంగంలో మామూలు అయింది.

చేసేది సులువు. ఏదైనా రంగున్న సీడీ45 యాంటీబాడీ, 30-ఎఫ్11 క్లోన్, 3 మైక్రోగ్రాములు, 200 మైక్రోలీటర్ల పీబీఎస్‌లో తోక నరం ద్వారా ఇవ్వండి. సరిగ్గా 3 నిమిషాలకు ఎలుకను చంపండి. రక్తంలో ఉన్న కణాలకు రంగు అంటుతుంది, కణజాలంలో ఉన్నవాటికి అంటదు. తర్వాత ట్యూబులో వేసే సీడీ45 వేరే రంగులో ఉండాలి. బ్లాక్ 6 కాబట్టి సీడీ45.2, 104 క్లోన్ పెట్టుకుంటే రెండు యాంటీబాడీలు ఒకే చోటు కోసం కొట్టుకోవు.

దీనికి రెండు కంట్రోల్స్ ప్రతి ఎలుకకూ కావాలి. ఒక చుక్క రక్తం: అందులో తెల్లకణాలన్నీ దాదాపు రంగుతో ఉండాలి. లేకపోతే ఇంజెక్షన్ నరంలో పడలేదు, ఆ ఎలుకను లెక్కలోంచి తీసేయాలి. రెండోది లవాజ్ కణాలు: వాటికి రంగు ఉండకూడదు. బ్లియోమైసిన్ 7వ రోజు దగ్గర సూక్ష్మనాళాలు కారతాయి కాబట్టి లవాజ్ కణాలకు రంగు అంటుకుందేమో ప్రతిసారీ చూడండి. అంటుకుంటే ఆ రోజుకు ఈ పద్ధతిని నమ్మలేం. 3 నిమిషాలు 6 అయినా ఇదే గతి, గడియారం చేతిలో పెట్టుకునే చేయాలి.

నాళాలు కడగడం మాత్రం మానకండి. పొట్టలో పెద్ద సిర కోసి, ఎడమ కర్ణిక తెరిచి, కుడి జఠరికలో 25 గేజ్ సూదితో 10 మి.లీ. చల్లని పీబీఎస్ మెల్లగా. గట్టిగా తోస్తే ద్రవం గాలి సంచుల్లోకి చీలుతుంది, ఊపిరితిత్తి ఉబ్బుతుంది, ఇక లవాజ్ లెక్కలు పనికిరావు. ఫైబ్రోసిస్ ఉన్న చోట్లు పూర్తిగా తెల్లబడవు, వాటి కోసం ఒత్తిడి పెంచొద్దు.

ఇక ఒకే ఎలుక నుంచి మూడూ ఎలా అంటే: ఎడమ ఊపిరితిత్తి ఒకే తమ్మె, కుడివైపు నాలుగు తమ్మెలు. ఎడమ ప్రధాన శ్వాసనాళాన్ని ముందే దారంతో కట్టేయండి. కుడివైపు మాత్రమే తక్కువ పరిమాణంతో, 0.4–0.5 మి.లీ. చొప్పున లవాజ్. సైటోకైన్లకు మొదటి కడుగు ద్రవం విడిగా ఉంచాలి, తర్వాతి కడుగులు కలిపితే పలచబడిపోతుంది. ఆ కుడి తమ్మెలనే ఎంజైమ్‌లో వేయండి, లవాజ్ కణాలను కూడా లెక్కించి రెండింటి మొత్తం చెప్పండి. చివరగా ఎడమ కట్టు విప్పి, ఫార్మాలిన్ 25 సెం.మీ. నీటి ఒత్తిడితో ఎక్కించి హిస్టాలజీకి పంపండి. ఒక చిక్కు ఉంది. గొంతు వెనక నుంచి వేసిన బ్లియోమైసిన్ రెండువైపులా సమంగా చేరదు. కాబట్టి ఏ తమ్మె దేనికి అన్నది మొదటి ఎలుక నుంచి చివరి ఎలుక దాకా మారకూడదు, ఒక వైపు ఫ్లోకు ఇంకో వైపు కొల్లాజెన్‌కు ముడిపెట్టి గ్రాఫ్ గీసేటప్పుడు ఈ సంగతి మనసులో ఉండాలి. ఎలుకలకు కొరత లేకపోతే లవాజ్ గుంపు, ఫ్లో గుంపు వేరువేరుగా పెట్టడమే శుభ్రం.

రెండో సందేహం. అవును, నిజంగానే తగ్గుతాయి, కానీ దాన్ని శాతాల్లో చూపిస్తే ఎవరూ ఒప్పుకోకూడదు. మొదటి వారంలో మోనోసైట్లు, న్యూట్రోఫిల్స్, తర్వాత లింఫోసైట్లు వరదలా వస్తాయి. మాక్రోఫేజ్‌ల సంఖ్య ఒక్కటి కూడా తగ్గకపోయినా వాటి శాతం సగానికి పడిపోతుంది. అందుకని లెక్కింపు బీడ్స్ వేయాలి. గేటులోని కణాలను, లెక్కకు వచ్చిన బీడ్స్‌తో భాగించి, వేసిన మొత్తం బీడ్స్‌తో గుణించండి. ఆ వచ్చినదాన్ని, మొత్తం సస్పెన్షన్‌లో ఎంత భాగం రంగు వేశారో దానితో భాగిస్తే ఆ తమ్మెల్లోని మొత్తం సంఖ్య. బీడ్స్‌ను కడుగుళ్లన్నీ అయ్యాక, నడిపే ముందే వేయాలి, పైపెట్ ముందు బీడ్స్ సీసాను బాగా కలపాలి. ప్రతి దశలోనూ, ఎంజైమ్ తర్వాత, వడకట్టాక, ఏసీకే తర్వాత, యాక్రిడిన్ ఆరెంజ్, ప్రొపిడియం అయొడైడ్ వేసి లెక్కపెట్టుకుంటే కణాలు ఎక్కడ పోతున్నాయో అక్కడే తెలుస్తుంది. ట్రిపాన్ బ్లూలో ఎర్రకణాలు, చెత్త కలిసిపోయి మోసం చేస్తాయి.

సంఖ్యలోనూ తగ్గితే, పక్కనే సిగ్లెక్-ఎఫ్ తక్కువ ఉన్న గుంపు పెరిగిందా చూడండి. 14వ రోజుకు కథ అక్కడే ఉంటుంది. 2017లో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం నుంచి అలెగ్జాండర్ మిషారిన్ బృందం చూపించింది ఇదే: ఫైబ్రోసిస్‌ను నడిపేది ముందు నుంచీ ఉన్న మాక్రోఫేజ్‌లు కాదు, మోనోసైట్ల నుంచి వచ్చినవి. అవి నెలల తరబడి ఊపిరితిత్తిలో ఉండిపోతాయి కూడా. రోజులు గడిచేకొద్దీ వాటి మీద సిగ్లెక్-ఎఫ్ పెరుగుతూ పోతుంది కాబట్టి చివరికి మార్కర్ల మీద పాతవాటికీ కొత్తవాటికీ తేడా చెప్పలేం. 28 రోజులు దాటిన ప్రయోగాల్లో ‘ఇవి కొత్తవి’ అని రాయాలంటే వంశం గుర్తు పెట్టే ఎలుకలు కావాలి, లేదా రొమ్ముకు సీసం కవచం పెట్టి చేసిన బోన్ మ్యారో కైమెరాలు (వేరే ఎలుక మజ్జ ఎక్కించిన ఎలుకలు). సిగ్లెక్-ఎఫ్ ఒక్కదాన్ని నమ్ముకుని ఆ మాట రాయకండి.

బ్రాంకో_ల్యాబ్

ఎలుకల చర్చే అయినా, మనుషుల లవాజ్ చూసే ల్యాబ్‌లు కూడా ఇది చదువుతాయి కాబట్టి కొద్దిగా కలుపుతాను.

మనుషుల్లో 100 నుంచి 300 మి.లీ. సెలైన్‌ను మూడు నుంచి అయిదు విడతల్లో ఎక్కిస్తారు. 30 శాతం లోపు తిరిగొస్తే కణాల లెక్కలు నమ్మదగ్గవి కావు. ఎంఫిసీమా ఉన్నవారిలో ఇది తరచూ జరుగుతుంది, అప్పుడు రిపోర్టులో తిరిగొచ్చిన పరిమాణం తప్పక రాయాలి. ద్రవం ఉత్త సెలైన్‌లో గంట దాటితే కణాలు చెడతాయి. పోషక మాధ్యమంలోకి మార్చి చల్లగా ఉంచితేనే ఇంకాస్త ఆగుతాయి. పొగతాగని ఆరోగ్యవంతుల్లో మాక్రోఫేజ్‌లు 85 శాతం పైన, లింఫోసైట్లు 10–15 శాతం, న్యూట్రోఫిల్స్ 3 లోపు, ఈసినోఫిల్స్ 1 లోపు. లింఫోసైట్లు 25 శాతం దాటితే సార్కాయిడోసిస్, హైపర్‌సెన్సిటివిటీ న్యుమోనైటిస్ లాంటివి మనసులోకి రావాలి. ఈసినోఫిల్స్ 25 శాతం దాటితే ఈసినోఫిలిక్ జబ్బులు.

మన దగ్గర లింఫోసైట్లు పెరిగిన ప్రతి లవాజ్‌లోనూ టీబీ అనుమానం ఉండాలి. సీడీ4/సీడీ8 నిష్పత్తి పెరిగినంత మాత్రాన సార్కాయిడోసిస్ అని తేల్చేయడం ప్రమాదం. సీబీనాట్‌కు (టీబీ జన్యు పరీక్ష), కల్చర్‌కు భాగం తీసి పంపాకే మిగిలింది ఫ్లోకు తీసుకోండి. క్లాస్-2 క్యాబినెట్ బయట మూత తీయొద్దు, సెంట్రిఫ్యూజ్ బకెట్లకు బిగుతు మూతలు ఉండాలి, ఫిక్స్ చేయని శాంపిల్‌ను సార్టర్ (కణాలను వేరుచేసే మెషిన్) లోకి ఎక్కించకూడదు. అది తుంపరలు పుట్టించే యంత్రం.

పొగతాగేవారి మాక్రోఫేజ్‌లు గోధుమరంగు కణికలతో నిండి ఉంటాయి, సొంత వెలుగు ఎలుకలవాటి కన్నా ఘోరం. ఎర్రలేజర్ గారు చెప్పిన ఖాళీ ఛానెల్ సలహా ఇక్కడ ఇంకా ఎక్కువ అవసరం.

శ్వాసకోశం_21

అందరికీ నమస్సులు. ముందు మందు ఇవ్వని రెండు ఎలుకల్లో లవాజ్ ఒకదానికి, లవాజ్ లేకుండా ఊపిరితిత్తి ఒకదానికి చేసి చూస్తాం. చివరగా ఒక్కటి. మా మెషిన్ స్లాటు మర్నాడే దొరుకుతుంది. ఫిక్స్ చేసి పెట్టొచ్చా? తర్వాత కొన్ని శాంపిల్స్ సింగిల్ సెల్ సీక్వెన్సింగ్‌కు పంపాలని కూడా ఉంది.

ఎర్రలేజర్

ఫిక్స్ చేయొచ్చు. రంగు వేసి కడిగాక 1 నుంచి 2 శాతం పారాఫార్మాల్డిహైడ్‌లో 20 నిమిషాలు, ఐసు మీద, చీకట్లో. తర్వాత కడిగి ఫ్యాక్స్ బఫర్‌లోకి మార్చాలి, ఫిక్సేటివ్‌లోనే రాత్రంతా వదిలేస్తే జంట రంగులు విడిపోతాయి, ఏపీసీ-సై7 సిగ్నల్ ఏపీసీలో కనిపించడం మొదలవుతుంది. 24 గంటల్లో నడపండి. సొంత వెలుగు ఫిక్స్ చేశాక పెరుగుతుంది కాబట్టి రంగు వేయని ట్యూబు, ఎఫ్ఎంఓలు, కాంపెన్సేషన్ ట్యూబులు అన్నీ అదే విధంగా ఫిక్స్ చేయాలి. నరంలో ఇచ్చిన యాంటీబాడీకి జంట రంగు వాడకండి.

సీక్వెన్సింగ్‌కు ఫిక్స్ చేసిన కణాలు మామూలు కిట్లలో పనికిరావు, అవి అదే రోజు వెళ్లాలి. సార్ట్ చేస్తే 100 మైక్రాన్ల నాజిల్, 20 పీఎస్ఐ దగ్గర. 70 మైక్రాన్లలో ఈ పెద్ద మాక్రోఫేజ్‌లు నలిగిపోతాయి. 37 డిగ్రీల్లో ఎంజైమ్ పెట్టడం వల్లే ఫాస్, జున్, హీట్ షాక్ జీన్లు లేస్తాయి, వాటిని జబ్బు గుర్తుగా చదవకండి. సెలైన్, బ్లియోమైసిన్ ఊపిరితిత్తులు నిమిషం తేడా లేకుండా ఒకేసారి ఎంజైమ్‌లో ఉంటేనే ఆ పొరపాటు కొంతైనా తగ్గుతుంది. పగిలిన టైప్-2 కణాల సర్ఫాక్టెంట్ ఆర్ఎన్ఏ ద్రవంలో తేలుతూ ప్రతి కణంలోనూ కనిపిస్తుంది, మాక్రోఫేజ్‌లో ఎస్‌ఎఫ్‌టీపీసీ (సర్ఫాక్టెంట్ జీన్) కనిపిస్తే అది అక్కడ తయారైందని అనుకోవద్దు. ఇక న్యూట్రోఫిల్స్‌లో ఆర్ఎన్ఏ తక్కువ, తేలిగ్గా చితికిపోతాయి కూడా. సీక్వెన్సింగ్‌లో వాటి సంఖ్య తక్కువగా వస్తుంది. వాటి లెక్క ఫ్లో, బీడ్స్ నుంచే తీసుకోండి.